ఇంటి కంప్యూటరుకు కావలి

(ప్రసంగ పాఠము)

రేడియో పెట్టెకును కంప్యూటరునకును ఒక ముఖ్యమైన భేదము కలదు. రేడియో వినును, వినిపించును. అంతటితో దాని పని తీరును. ఆకాశమున తేలివచ్చిన తరంగము సంగీతమైనను, ధరవరలైనను, వట్టి గురగురయైనను దానిని ధ్వనిగా మార్చి మన చెవిని వేయుటయే దాని ధర్మము. ఎవరెంత దుర్బుద్ధితో ఏమి ప్రసారము చేసినను, ఆ మాట విని రేడియో మన బీరువా తలుపు తీయదు. కంప్యూటరు అట్టిది కాదు. దానికి చేరిన సమాచారములో కొంత మనము చదువుకొనుటకు వచ్చినది. కొంత అది నెరవేర్చుటకు వచ్చినది. నెరవేర్చుటకు వచ్చిన ఆజ్ఞల వరుసనే మనము ప్రోగ్రాము అనుచున్నాము. ఆ ఆజ్ఞలు ఇచ్చినవాడు ఇంటి యజమానియా, వేల మైళ్ల దూరమున కూర్చున్న దొంగయా అని విచారించు వివేకము యంత్రమునకు పుట్టుకతో లేదు. ఆజ్ఞ అందినచో నెరవేర్చుటయే దానికి తెలిసిన పని.

ఇంటి కంప్యూటరునకు కలుగు ఆపదలలో పెక్కు ఈ ఒక్క గుణమునుండియే పుట్టుచున్నవి. రక్షణోపాయములు ఎన్ని చెప్పినను అవి ఒకే ప్రశ్నకు సమాధానములు: ఈ యంత్రము ఇప్పుడు ఎవరి ఆజ్ఞను పాటించుచున్నది?

ఇది నిపుణులకు మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. బ్యాంకి లావాదేవీలు, పింఛను కాగితములు, పిల్లల పాఠములు, విదేశములలో నున్న సంతానముతో ఉత్తర ప్రత్యుత్తరములు, కాలము చేసిన పెద్దల ఛాయాచిత్రములు, ఇవన్నియు నేడు ఒక్క పెట్టెలో చేరినవి. పూర్వము కన్నపుదొంగ ఎంత నేర్పరియైనను ఒక్క రాత్రిలో ఇన్ని మోసికొనిపోజాలడు. పైగా అతడు పోయిన మరునాడు గోడకు కన్నము కనబడెడిది. ఈ దొంగ వచ్చిపోయిన జాడ పలుమారు కనబడనే కనబడదు.

మొదట పేర్లనుగూర్చి రెండు మాటలు. వైరస్ అనునది లాటిను మాట. దానికి విషమని అర్థము. జీవశాస్త్రమున ఈ పేరు గల సూక్ష్మరూపము తనంత తాను వృద్ధిపొందజాలక, ఒక జీవకణములో దూరి ఆ కణముచేతనే తన ప్రతిరూపములను చేయించుకొనును. ఆ విధముగనే మరియొక ప్రోగ్రాములో దూరి, అది నడచునప్పుడు తన నకలును వేరొకదానిలో చేర్చు ఆజ్ఞల వరుసను కంప్యూటర్ వైరస్ అందురు. 1983లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఫ్రెడ్ కోహెన్ అను విద్యార్థి అట్టి ప్రోగ్రామును వ్రాసి చూపగా, అతని ఆచార్యుడు లెనార్డ్ ఏడిల్‌మన్ దానికి ఈ పేరు సూచించెను. వేరొక ప్రోగ్రాము ఆసరా లేకయే ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తనంత తాను ప్రాకిపోవుదానిని వర్మ్, అనగా పురుగు, అందురు. మేలు చేయుదానివలె వచ్చి లోపల కీడు చేయుదానిని ట్రోజన్ అందురు. గ్రీకుల కథలో ట్రాయ్ నగరవాసులు తామే లోనికి లాగికొన్న కొయ్యగుఱ్ఱమునుండి ఈ పేరు వచ్చినది. మన రామాయణములోని బంగారు లేడి ఈ జాతిదే. ఇక హ్యాకర్ అను మాట తొలుత నేర్పరియైన ప్రోగ్రాము రచయితకు గౌరవనామము. కాలక్రమమున అనుమతి లేక పరుల యంత్రములో చొరబడువానికి అది వాడుక పేరైనది.

తొలినాళ్లలో ఈ వ్యాధి మనుష్యుని చేతి సంచితోపాటు ప్రయాణము చేసెడిది. 1986లో లాహోరు నగరమున ఇద్దరు సోదరులు వ్రాసిన బ్రెయిన్ అను వైరస్ ఫ్లాపీ పలకలపై ఎక్కి దేశదేశములకు పోయినది. దానిలో వారు తమ పేర్లు, చిరునామా, టెలిఫోను నంబరు కూడ వ్రాసికొనిరి! తమ ప్రోగ్రామును అనుమతి లేక నకలు చేయువారికి బుద్ధి చెప్పుటకే అట్లు చేసితిమని వారు చెప్పిరి. ఇంటర్నెట్ వచ్చిన తరువాత ఫ్లాపీతో పని లేకపోయినది. తీగ వెంట వ్యాధి ఎంత వేగముగా పోగలదో లోకమునకు తెలిసినది 1988 నవంబరు 2వ తేదీన.

ఆనాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మారిస్ ఒక పురుగును వలలో విడిచెను. అప్పటికి ఇంటర్నెట్‌లో ఉన్న యంత్రములు సుమారు 60,000. వానిలో పదింట ఒకటి, అనగా ఆరువేలవరకు, దాని పాలబడినవని నాటి అంచనా. అది ఫైళ్లను చెరుపలేదు, ధనమును అపహరింపలేదు. కాని ఒకే యంత్రములో మరల మరల చేరి దానిని కదలనీయక చేసెను. మారిస్‌కు 1990లో న్యాయస్థానము మూడేండ్ల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించెను. ఈ పురుగును ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. అది లోపల ప్రవేశించుటకు మూడు దారులు వాడుకొన్నది. ఆ మూడింటిని తెలిసికొన్నచో నేటి దొంగల విద్యలో సగము తెలిసినట్లే.

మొదటి దారి ప్రోగ్రాములోని లోపము. వలలో ఒకరి వివరములు ఒకరు అడుగుటకు ఫింగర్ అను చిన్న ప్రోగ్రాము ఉండెడిది. వచ్చిన ప్రశ్నను ఉంచుకొనుటకు అది 512 అక్షరముల చోటు కేటాయించెను. వచ్చినది అంతకు మించినదేమో కొలిచి చూడలేదు. పురుగు 536 అక్షరములు పంపెను. కుంచమునకు మించి పోసిన ధాన్యము పొంగి పక్కనున్న లెక్కల పుస్తకముపై పడినట్లు, హెచ్చు అక్షరములు యంత్రము తరువాత ఎక్కడికి పోవలెనో వ్రాసికొన్న చోట పడి, ఆ వ్రాతను మార్చివేసినవి. అంతట యంత్రము తన పని విడిచి పురుగు ఆజ్ఞను చేయసాగెను. రెండవ దారి మరచిపోయిన తలుపు. ఉత్తరములు చేరవేయు సెండ్‌మెయిల్ అను ప్రోగ్రామును కట్టినవారు తమ పరీక్షల సౌకర్యమునకై ఒక దొడ్డిదారి ఉంచిరి. పరీక్షలు ముగిసిన తరువాత పెక్కు చోట్ల దానిని మూయలేదు. మూడవది బలహీనమైన తాళము. పురుగు ప్రతి వినియోగదారుని పేరును పాస్‌వర్డుగా ప్రయోగించి చూచెను. ఆ పేరునే రెండుమారులు వ్రాసి చూచెను. తలక్రిందులుగా వ్రాసి చూచెను. అప్పటికిని తెరచుకొననిచో తన వెంట తెచ్చుకొన్న 432 మాటల పట్టికను ప్రయోగించెను. ఎన్నో తలుపులు తెరచుకొన్నవి.

ఈ మూడింటికి 2000వ సంవత్సరమున నాలుగవ దారి లోకవిదితమైనది. అది యంత్రములో లేదు. మన మనస్సులో ఉన్నది. ఆ యేడు మే నెల 4వ తేదీన ఫిలిప్పీన్స్ దేశమునుండి బయలుదేరిన ఒక ఈ-మెయిల్‌కు ‘ఐ లవ్ యూ’ అని శీర్షిక. దానితో వచ్చిన ఫైలు ప్రేమలేఖవలె కనబడెను. నిజమునకు అది ప్రోగ్రాము. ఫైలు పేరు చివరనుండి, దాని జాతిని తెలుపు అక్షరములను విండోస్ సాధారణముగా చూపదు గనుక మోసము తెలియలేదు. తెరచినవారి చిత్రముల ఫైళ్లను అది తుడిచివేసి, వారి చిరునామాల పుస్తకములో నున్న వారందరికి తన నకళ్లను పంపెను. కావున అందుకొన్నవారికి ఆ ఉత్తరము స్నేహితునినుండియో, పై అధికారినుండియో వచ్చినట్లే తోచెను. పంపినవాడు తెలిసినవాడైనంత మాత్రమున పంపబడినది నమ్మదగినది కాదను సత్యమును ఆ యొక్క దినము లోకమునకు నేర్పినది.

ఇక ఈ దారులను మూయు విధములను వరుసగా చూతము.

మొదటిది మరమ్మతు. మనుష్యులు వ్రాసిన ప్రోగ్రాములలో లోపములుండక తప్పదు. అవి బయటపడినప్పుడెల్ల తయారుచేసినవారు సవరణలు పంపుచుందురు. వానినే అప్‌డేట్లు అందురు. తెరపై ఆ సూచన వచ్చినప్పుడు ‘తరువాత చూతము’ అని మీట నొక్కుట మనలో పెక్కుమందికి అలవాటు. ఆ ‘తరువాత’ అను మాట ఖరీదెంతయో 2017లో తెలిసినది. ఆ యేడు మార్చి 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక పెద్ద లోపమునకు సవరణ విడుదల చేసెను. మే 12వ తేదీ శుక్రవారమున వానాక్రై అను పురుగు ఆ లోపము గుండనే ప్రవేశించి 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములను పట్టుకొన్నది. ఫైళ్లను రహస్యలిపిలోనికి మార్చివేసి, విడిపించుటకు 300 డాలర్లు చెల్లింపుమనియు, మూడు దినములు దాటినచో 600 అనియు తెరపై ప్రకటన పెట్టెను. ఇంగ్లండులో 236 ప్రభుత్వ వైద్య ట్రస్టులలో కనీసము 80 చిక్కుపడి, వేలమంది రోగులకు వైద్యుల దర్శనము రద్దయ్యెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ ఈ పాటుకు గురియైనవి. సవరణ వచ్చిన దినమునకును పురుగు వచ్చిన దినమునకును నడుమ 59 దినముల వ్యవధి కలదు. ఆ వ్యవధిలో తలుపు బాగుచేసికొన్న ఇండ్లలోనికి ఆ లోపము గుండ అది పోలేకపోయినది.

కావున అప్‌డేట్లు తమంత తాము జరుగునట్లు అమర్చి, వాని జోలికి పోకుండుట ఉత్తమము. విండోస్‌కు మాత్రమే కాదు. ఇంటర్నెట్ చూపు బ్రౌజరునకు, ఫోనునకు కూడ ఇది వర్తించును. ఐతే ప్రతి ప్రోగ్రామునకును ఆయువు ఉన్నది. తయారుచేసినవారు ఒక నాటితో సవరణలు నిలిపివేయుదురు. విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సవరణలు ముగిసినవి. అటుపిమ్మట ప్రత్యేకముగా పొడిగింపు పొందని విండోస్ 10 యంత్రము పైకి చక్కగా నడచుచున్నను, దాని గోడకు పడిన కన్నములను పూడ్చువారు లేరు. అట్టి యంత్రముతో బ్యాంకి పనులు చేయరాదు. ధర లేక దొరకినదని దొంగ నకలు సాఫ్ట్‌వేర్ పెట్టుకొనుట మరింత ప్రమాదము. దాని తాళమును పగులగొట్టి మనకు ఇచ్చినవాడు ఆ సందున తన సొంత ఆజ్ఞలను చేర్చలేదని హామీ ఇచ్చువారెవరు?

రెండవది కావలివాడు. యాంటీవైరస్ ప్రోగ్రాము రెండు విధములుగ పని చేయును. తెలిసిన దొంగల ఆనవాళ్ల పట్టికతో ప్రతి ఫైలును పోల్చి చూచుట ఒకటి. ఏ ప్రోగ్రామైనను అనుమానింపదగినట్లు ప్రవర్తించుచున్నదేమో, ఉదాహరణకు గబగబ వందల ఫైళ్లను మార్చుచున్నదేమో, కనిపెట్టుట రెండవది. నేటి విండోస్‌లో ఇట్టి కావలివాడు డిఫెండర్ అను పేర ముందుగనే ఉన్నాడు. సామాన్య గృహమునకు అది చాలును. అది మేలుకొని ఉన్నదా, దాని పట్టిక సరిక్రొత్తదా అని చూచుకొనవలెను. ఒక్కదానికి బదులు రెండు పెట్టినచో రక్షణ రెండింతలగునని తలచుట పొరపాటు. అవి ఒకదానినొకటి అనుమానించి యంత్రమును మందగింపజేయును. ఫైర్‌వాల్ అనునది వాకిట నిలిచిన కాపరి. లోపలివారు పిలువని రాకపోకలను అది ఆపును. దానిని ఎన్నడును తీసివేయరాదు. ఐనను ఒక సంగతి మరువరాదు. నిన్ననే పుట్టిన దొంగ ఆనవాలు కావలివాని పట్టికలో ఇంకను చేరియుండకపోవచ్చును. యజమాని స్వయముగా చేయిపట్టి లోనికి తెచ్చుకొన్న అతిథిని కాపరి ఎంతవరకు ఆపగలడు?

ఈ సందర్భమున పలువురు ఎరుగని ఒక సులభోపాయము చెప్పవలెను. కంప్యూటరులో ఖాతాలు రెండు విధములు. అడ్మినిస్ట్రేటరు ఖాతాకు సర్వాధికారములు కలవు. సామాన్య ఖాతాకు కొన్నియే కలవు. ఇంటిల్లిపాది సర్వాధికార ఖాతాలో పని చేయుచున్నచో, లోపల దూరిన దొంగకు కూడ సర్వాధికారములు సులభముగ దొరకును. నిత్యవ్యవహారమునకు, ముఖ్యముగా పిల్లలకు, సామాన్య ఖాతా ఏర్పరచి, అడ్మినిస్ట్రేటరు ఖాతాను క్రొత్త ప్రోగ్రాములు పెట్టునపుడు మాత్రమే వాడుట మంచిది. ఇనుపపెట్టె తాళపుచెవిని ఎల్లప్పుడు వాకిట మేకునకు తగిలింపము గదా!

మూడవది తాళము, అనగా పాస్‌వర్డు. ఇక్కడ కొంచెము లెక్క చూతము. ఇంగ్లీషు చిన్న అక్షరములు ఎనిమిదింటితో కూర్పగల పాస్‌వర్డులు సుమారు 20,882 కోట్లు. చాల పెద్ద సంఖ్యవలె తోచును. కాని ఒక సంస్థనుండి రహస్యలిపిలో నున్న పాస్‌వర్డుల పట్టికను అపహరించిన దొంగ, ఆ లిపి బలహీనమైనదైనచో, సెకనుకు వేయి కోట్ల ఊహలు ప్రయోగించు యంత్రమును వాడగలడు. అట్టి యంత్రమునకు ఈ ఎనిమిది అక్షరముల తాళములన్నియు తిప్పిచూచుటకు 21 సెకన్లు చాలును. అక్షరములు పండ్రెండైనచో 110 దినములు పట్టును. పదునారైనచో ఒక లక్షా ముప్పదియెనిమిదివేల సంవత్సరములు పట్టును. దీనినిబట్టి తాళపు బలము వింత గుర్తులలోకంటె పొడవులో ఎక్కువగ ఉన్నదని తెలియును. ఐతే ఈ లెక్క అక్షరములను ఏ వరుసయు లేక ఏరినపుడే నిలుచును. బిడ్డ పేరు, పుట్టిన సంవత్సరము, ఇష్టదైవము పేరు, ప్రసిద్ధమైన సామెత, ఇవి ఎంత పొడవైనను దొంగ మొదట తిప్పిచూచు తాళపుచెవులే.

ఒకదానితో ఒకటి పొత్తు లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కలిపి వ్రాసికొనుట గుర్తుంచుకొనుటకు తేలిక, ఊహించుటకు కష్టము. వేపచెట్టు, దువ్వెన, గంధకము, తూనిక, పల్లకి అనునవి అట్టి కూర్పునకు ఉదాహరణము. ఐతే అచ్చులో పడినది గనుక ఈ కూర్పు ఇక పనికిరాదు. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పాస్‌వర్డు ఉండవలెను. ఏలయనగా ఏదో చిన్న దుకాణపు పట్టిక దొంగిలింపబడినచో, దొంగ ఆ తాళపుచెవినే మన ఈ-మెయిల్ వాకిటను, బ్యాంకి వాకిటను తిప్పిచూచును. ఇన్ని గుర్తుండవనుకొన్నవారు పాస్‌వర్డ్ మేనేజరు అను ప్రోగ్రామును వాడవచ్చును. లేదా ఒక పుస్తకములో వ్రాసి బీరువాలో దాచవచ్చును. ఇంటర్నెట్ దొంగకు మన బీరువా అందదు. ఊరక నెలకొకసారి పాస్‌వర్డు మార్చవలెనను పాత నియమమును అమెరికా ప్రమాణముల సంస్థ 2017లోనే విడిచిపెట్టినది. బయటపడెనను అనుమానము కలిగినపుడు వెంటనే మార్చిన చాలును. వీనియన్నింటికంటె ముఖ్యముగ ఈ-మెయిల్‌కును బ్యాంకి ఖాతాకును రెండంచెల తనిఖీ, అనగా పాస్‌వర్డుతోపాటు ఫోనులోని సంకేతము కూడ అడుగు ఏర్పాటు, పెట్టుకొనవలెను. ఈ-మెయిల్‌నుగూర్చి ప్రత్యేకించి చెప్పుటకు కారణమేమనగా, మరచిన పాస్‌వర్డులన్నింటిని తిరిగి పొందు దారి దాని గుండనే పోవును. అది పోయినచో తాళపుచెవుల గుత్తి పోయినట్లే.

తాళముల మాట వచ్చినది గనుక, ఇంటికి ఇంటర్నెట్ తెచ్చు రౌటరును మరువరాదు. మూల నున్న ఆ చిన్న పెట్టె స్వయముగ ఒక కంప్యూటరే. 2016లో మిరాయ్ అను ప్రోగ్రాము లోకమంతట రౌటర్లను, కావలి కెమెరాలను వెదకి, కర్మాగారమున పెట్టిన పేరు, పాస్‌వర్డు జంటలను అరువదికి పైగా ప్రయోగించి చూచెను. వానిని మార్చుకొనని లక్షల ఇండ్ల పరికరములు దానికి దాసోహమన్నవి. అక్టోబరు 21న ఆ సైన్యము ఒక్కుమ్మడి ప్రశ్నలు కురిపించి డిన్ అను సంస్థను ముంచివేయగా, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి పేరుమోసిన స్థలములు గంటల తరబడి అందకపోయినవి. తమ ఇంటి పరికరము పరదేశములో ఒకనికి సైనికుడైనదని ఆ ఇంటివారు ఎరుగరు. కావున రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును తప్పక మార్చవలెను. వైఫై సంకేతమునకు డబ్ల్యుపిఎ-2గాని, ఇంకను మేలైన డబ్ల్యుపిఎ-3గాని ఎంచుకొనవలెను. దూరమునుండి రౌటరును నడపు సౌకర్యమును మూసివేయవలెను. ఇవి తెలియనిచో, కనెక్షను ఇచ్చిన వారి మనిషిచేత ఎదుట చేయించుకొనవచ్చును.

నాలుగవది మన మనస్సు వాకిలి. దీనికి అప్‌డేట్లు పంపువారు లేరు. బంగారు లేడి వెంట, భిక్షువు వేషమున రావణుడు వచ్చినట్లు, ఒక మోసము వెంట మరియొకటి వచ్చును. తెరపై ఎఱ్ఱని అక్షరములతో ‘మీ కంప్యూటరులో వైరస్ ఉన్నది, ఈ నంబరునకు ఫోను చేయుడు’ అని పడును. ఫోను చేసినచో మర్యాదస్థునివలె ఒకడు మాటాడి, బాగుచేసెదనని దూరమునుండి యంత్రమును నడపు ప్రోగ్రామును మనచేతనే పెట్టించును. ఆ క్షణమునుండి మన కంప్యూటరు వాని ఆజ్ఞను పాటించును. పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏదియు తనంత తాను ఇంటికి ఫోను చేసి వైరస్ ఉన్నదని చెప్పదు. అట్టి ప్రకటన వచ్చినపుడు బ్రౌజరును మూసివేయుటయే సమాధానము. బ్యాంకివారు ఓటీపీని ఫోనులో అడుగరు. పోలీసులు వీడియోలో కనబడి, గదిలోనుండి కదలవద్దని ‘డిజిటల్ అరెస్టు’ చేయుట మన దేశపు ఏ చట్టములోను లేదు.

కంఠస్వరము కూడ నేడు ప్రమాణము కాదు. వార్తలు చదువువారిని గొంతునుబట్టి పోల్చుకొను అలవాటు రేడియో శ్రోతలకు ఎక్కువ. కాని కొద్ది క్షణముల మాదిరితో ఒకరి గొంతును అనుకరించు కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చినవి. విదేశములోనున్న కుమారుని గొంతుతో ‘వెంటనే డబ్బు పంపుము, ఎవరికిని చెప్పవద్దు’ అని పిలుపు వచ్చినచో, దానిని నిలిపి, మనకు తెలిసిన నంబరునకు మనమే తిరిగి ఫోను చేయవలెను. ఇంటివారు ముందుగ ఒక గుర్తుమాట ఏర్పరచుకొనుట ఇంకను మేలు. మోసగాడు ఏ వేషమున వచ్చినను వాని సంభాషణలో తొందర, భయము, రహస్యము ఈ మూడింటిలో ఒకటైనను ఉండును. ఆ మూడింటిలో ఏది వినబడినను ఆగి, ఇంటిలో ఇంకొకరితో చెప్పుటయే మందు.

అన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఏదో ఒకనాడు కీడు జరుగవచ్చును. అందుచేత ఐదవ ఉపాయము, నకళ్లు దాచుట. విలువైన ఫైళ్లకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేర్వేరు విధములైన పరికరములలో ఉండవలెను. వానిలో ఒకటి ఇంటి వెలుపల ఉండవలెను. నకలు దాచిన డ్రైవును పని ముగియగనే కంప్యూటరునుండి ఊడదీయవలెను. ఏలయనగా వానాక్రై వంటి పురుగు తగిలించియున్న డ్రైవులోని ఫైళ్లను కూడ రహస్యలిపి చేయును. రైతు విత్తనముల గింజలను తిండి గింజలతో కలుపక వేరుగ ఉట్టిమీద దాచుట ఇందుకే. నెలకొకసారి దాచి, అప్పుడప్పుడు ఒక ఫైలు తెరచి సరిగ ఉన్నదో లేదో చూచుకొనువాని ఎదుట ఏ బందిపోటు బెదిరింపును పనిచేయదు. నకలు లేనివారు ధనము చెల్లించినను ఫైళ్లు తిరిగివచ్చునను భరోసా లేదు. చెల్లించిన ధనము మాత్రము తరువాతి దాడికి పెట్టుబడి అగును.

కీడు జరిగెనని అనుమానము తోచినచో మొదట ఇంటర్నెట్ తీగను ఊడదీయవలెను, వైఫై ఆపవలెను. వేరొక మంచి పరికరమునుండి ఈ-మెయిల్, బ్యాంకి పాస్‌వర్డులు మార్చవలెను. ధనము పోయినచో వెంటనే బ్యాంకికిని, దేశమంతటికి ఏర్పడిన 1930 నంబరునకును ఫోను చేయవలెను. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ స్థలములో ఫిర్యాదు నమోదు చేయవచ్చును. దొంగ చేతినుండి ధనము వేరు ఖాతాలకు మారకముందే దానిని స్తంభింపజేయుటకు వీలగును గనుక ఇక్కడ నిమిషములు విలువైనవి. యంత్రములో దాగిన దుష్ట ప్రోగ్రాములను తొలగించు సాధనములను కేంద్ర ప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచితముగ అందించుచున్నది. అనుమతి లేక పరుల కంప్యూటరులో చొరబడి హాని చేయుట 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు శిక్షకు, ఐదు లక్షల వరకు జరిమానాకు తగిన నేరము. కాని చట్టము పని దొంగ దొరకిన తరువాతనే.

మరియొక మాట ఇంటి పెద్దలకును పిల్లలకును కలిపి చెప్పవలసియున్నది. మోసపోయినవారిలో చాలమంది సిగ్గుచేత, మందలింపు భయముచేత, దినముల తరబడి దాచుదురు. తాతగారు పింఛను సొమ్ము పోయినదని చెప్పరు. కుఱ్ఱవాడు ఏదో ఆట దింపుకొని యంత్రము పాడుచేసితినని చెప్పడు. దొంగకు కావలసిన వ్యవధి అదియే. మోసము చేసినవానిది తప్పు, మోసపోయినవారిది కాదు. చెప్పినవారిని కోపగింపని ఇంటిలో, ఆ మొదటి గంటలోనే సంగతి బయటపడును. ఫోను చేయవలసినవారికి ఫోను పోవును.

ఇన్ని మాటలు విని ఎక్కడ మొదలుపెట్టవలెనని తోచనివారు రానున్న ఆదివారము ఒక గంట దీనికై కేటాయింతురుగాక. అప్‌డేట్లు తమంత తాము జరుగుచున్నవేమో చూడుడు. ఈ-మెయిల్‌కు రెండంచెల తనిఖీ పెట్టుడు. రౌటరు పాస్‌వర్డు మార్చుడు. ఛాయాచిత్రముల నకలు ఒక డ్రైవులో ఎక్కించి, దానిని ఊడదీసి బీరువాలో పెట్టుడు. మిగిలినవి తరువాతి ఆదివారము చేయవచ్చును. యంత్రమునకు మంచి చెడ్డల విచక్షణ నేర్పజాలము. కాని ఎవరి ఆజ్ఞకు అది లోబడవలెనో నిర్ణయించు అధికారము నేటికిని ఇంటివారి చేతిలోనే ఉన్నది.